ఎల్ఈడీ లైటుకు రేడియో పరిమితి ఎందుకు? ఆ అంకె ఎవరు పెట్టారు?

చదివేవాళ్లందరికీ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్తాను. నల్లగొండ శివారులో మీకు చిన్న యూనిట్ ఉంది. ఎల్ఈడీ ట్యూబులు, వీధి లైట్లు తయారు చేస్తారు. లైటుకు కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్ బోర్డు కూడా మీదే. హైదరాబాద్ ఎగుమతిదారు ఒకాయన సిస్పర్ 15 (లైట్ల వల్ల రేడియోకు కలిగే అంతరాయం మీద అంతర్జాతీయ ప్రమాణం) రిపోర్టు అడిగితే ల్యాబ్‌లో పెట్టారు. 195 కిలోహెర్ట్జ్ దగ్గర 14 డీబీ (డెసిబెల్; 20 డీబీ పెరిగితే వోల్టేజి పదింతలు), 720 చుట్టుపక్కల 9 డీబీ ఎక్కువొచ్చి ఫెయిల్ అయింది. "లైటుకు, రేడియోకు ఏం సంబంధం? ఎక్కడో కూర్చున్నవాళ్లు పెట్టిన అంకెకు నల్లగొండలో నేనెందుకు కట్టుబడాలి? ఇది రేడియేషన్ వల్ల ఆరోగ్యం చెడుతుందని పెట్టిందా? డబ్బులిస్తే రిపోర్టు ఇప్పిస్తామంటున్నారు, తీసుకోవచ్చా?" అని అడిగారు. నేను హైదరాబాద్‌లో ఈఎంసీ (విద్యుదయస్కాంత అనుకూలత, అంటే ఒక పరికరం ఇంకోదానికి అంతరాయం కలిగించకపోవడం) టెస్టింగ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మాది దేవరకొండ వైపు. నాకు తెలిసినంత వివరంగా చెప్తాను.

ఆరోగ్యం సంగతి ముందు తేల్చేద్దాం. ఈ పరిమితికి, మనిషి ఒంటికి సంబంధం లేదు. ఎఫ్ఎం రేడియో తరంగాలు ఉండే చోట, మామూలు జనానికి మీటరుకు సుమారు 28 వోల్టుల వరకు క్షేత్రబలం ఉండొచ్చని ఇక్నిర్ప్ అనే అంతర్జాతీయ సంస్థ మార్గదర్శకాలు చెప్తాయి. ఇళ్లలో వాడే పరికరం 10 మీటర్ల దూరంలో అదే బ్యాండులో మీటరుకు సుమారు 32 మైక్రోవోల్టులు దాటకూడదని సిస్పర్ చెప్తుంది. రెండింటి మధ్య దాదాపు తొమ్మిది లక్షల రెట్ల తేడా. ఒంటికి హాని అన్న లెక్కలోంచి ఇంత చిన్న అంకె రాదు. ఇది మీ పక్కింటి రేడియో కోసం పెట్టిన అంకె.

ఇప్పుడు మీ బోర్డు దగ్గరికి వద్దాం. మీ డ్రైవర్‌లోని స్విచింగ్ ఐసీ సెకనుకు 65 వేల సార్లు కరెంటును కోస్తోంది. అలా కోసినప్పుడల్లా 65 కిలోహెర్ట్జ్ ఒక్కటే పుట్టదు, దాని రెట్టింపులు, మూడింతలు, పదకొండింతలు అన్నీ పుడతాయి. మూడోది 195. మీరు ఫెయిల్ అయింది సరిగ్గా అక్కడే. పదకొండోది 715. వేడికి, లోడుకు ఐసీ ఫ్రీక్వెన్సీ కొంచెం అటూ ఇటూ జరుగుతుంది. 67 దాటితే పదకొండోది వెళ్లి 738 మీద కూర్చుంటుంది. ఆకాశవాణి హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్‌లో వచ్చేది ఆ 738 కిలోహెర్ట్జ్ మీదే. నల్లగొండలో సిగ్నల్ పర్వాలేదు. అచ్చంపేట దాటి నల్లమల అంచుకు పోయేకొద్దీ బలహీనమవుతుంది. అక్కడ పొద్దుటి వార్తలు వినే పెద్దాయన ఇంటి ముందు స్తంభానికి మీ వీధి లైటు పెడితే ఆయనకు వార్తలు వినపడవు, బుర్రుమనే మోతే వినపడుతుంది. లైటు వల్లే అని ఆయనకు తెలియదు, రేడియో చెడిపోయిందనుకుంటాడు.

ఐసీ కంపెనీలు 65నే ఎందుకు ఎంచుకున్నాయో తెలిస్తే పరిమితి ఎంత బలమైనదో అర్థమవుతుంది. చాలా ప్రమాణాల్లో కొలత 150 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. 65, దాని రెట్టింపు 130, రెండూ ఆ గీతకు కిందే ఉంటాయి. అంటే ఈ ఇంతల్లో (వీటినే హార్మోనిక్‌లంటారు) అన్నింటికన్నా బలమైన రెండూ కొలతకు దొరకవు. లైట్లకు మాత్రం సిస్పర్ 15 కొలతను 9 కిలోహెర్ట్జ్ నుంచే మొదలుపెడుతుంది, కానీ అక్కడ పరిమితి వదులుగా ఉంటుంది. 150కి చేరేసరికి 80 డీబీ మైక్రోవోల్ట్ (ఒక మైక్రోవోల్టుతో పోల్చి డీబీలో చెప్పే అంకె). ఆ గీత దాటగానే ఒక్కసారిగా 66. అక్కడి నుంచి దిగుతూ 500 కిలోహెర్ట్జ్‌కు 56. ఆపైన 5 మెగాహెర్ట్జ్ దాకా 56, తర్వాత 30 మెగాహెర్ట్జ్ దాకా 60. ఇవి క్వాసీ పీక్ అనే మీటరుతో కొలిచే అంకెలు, దాని సంగతి కింద చెప్తాను. 56 అంటే సుమారు 630 మైక్రోవోల్టులు. 230 వోల్టులు నడిచే తీగ మీద అంత కూడా ఉండకూడదన్నమాట. యావరేజ్ డిటెక్టరుతో చూస్తే ఇంకో 10 డీబీ తక్కువ, అంటే 200 మైక్రోవోల్టులు.

30 మెగాహెర్ట్జ్ లోపు తీగ మీద, ఆపైన గాలిలో కొలవడం కూడా ఊరికే పెట్టింది కాదు. 1 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 300 మీటర్లు. జానెడు లైటు దాన్ని గాలిలోకి వెదజల్లలేదు. దానికి తగిలించిన కరెంటు తీగ మాత్రం వీధి పొడవునా ఉంటుంది. ఆ తీగే యాంటెన్నా. అందుకే మీ లైటు తీగలోకి ఎంత నెడుతోందో చూస్తారు. కరెంటు లైనుకూ లైటుకూ మధ్యలో 50 మైక్రోహెన్రీల లిస్న్ అనే కొలత పెట్టె పెట్టి, ఏ ఊళ్లో కొలిచినా ఒకే ఫలితం వచ్చేట్టు చేస్తారు. ఫ్రీక్వెన్సీ పెరిగితే పరికరం, దాని చిన్న చిన్న తీగలే యాంటెన్నాలవుతాయి, అప్పుడు క్షేత్రబలం కొలవాలి.

ఇక ఎవరు పెట్టారన్నది. సిస్పర్ అంటే రేడియో అంతరాయాల మీద ఏర్పడిన ప్రత్యేక అంతర్జాతీయ కమిటీ, పేరు ఫ్రెంచి మాటల తొలి అక్షరాలు. 1934లో పారిస్‌లో తొలిసారి కూర్చుంది. అప్పటికి యూరప్‌లో ఇంటింటికీ రేడియో వస్తోంది, అదే ఇళ్లలోకి మోటార్లు, వాక్యూమ్ క్లీనర్లు కూడా వస్తున్నాయి. రేడియో సంస్థలు మోత తగ్గించమన్నాయి. ఒక్కో దేశం ఒక్కో అంకె పెడితే సరుకు సరిహద్దు దాటదని తయారీదారులకు భయం. ఈ రెండు అవసరాలూ కలిసిన చోట పుట్టింది ఆ కమిటీ. జెనీవాలోని ఐఈసీ (విద్యుత్ పరికరాల ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ) కింద ఇప్పటికీ నడుస్తోంది. జాతీయ కమిటీలతో పాటు యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య, అమెచ్యూర్ రేడియో వాళ్ల అంతర్జాతీయ సంఘం లాంటివి కూడా అందులో సభ్యులు. వినేవాడి తరఫున మాట్లాడేవాళ్లు బల్ల దగ్గరే ఉండాలన్న ఆ ఏర్పాటు నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. అది లేకపోతే తయారీ కంపెనీల ఇంజనీర్లే కూర్చుని తమకు వీలైన అంకె రాసుకునేవాళ్లు.

ప్రమాణం ఒక్క రోజులో రాదు. ప్రతిపాదన, కమిటీ డ్రాఫ్టు, వ్యాఖ్యలు, ఓటు కోసం డ్రాఫ్టు, చివరి డ్రాఫ్టు, ఇలా ఏళ్లు పడుతుంది. ఓటేసిన ప్రధాన సభ్య దేశాల్లో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి, మొత్తం ఓట్లలో వ్యతిరేకం నాలుగో వంతు మించకూడదు. మన తరఫున ఓటేసేది బీఐఎస్, అంటే భారత ప్రమాణాల సంస్థ. దీని గురించి చివర్లో మళ్లీ చెప్తాను, మీకు పని ఉంది.

అంకె ఎలా తేలుతుందో చూద్దాం. సిస్పర్ 16-4-4 అనే నివేదికలో ఆ లెక్క ఉంది. వినేవాడికి అందే సిగ్నల్ ఎంత, అందులో మోత వినపడకుండా ఉండాలంటే ఎంత తేడా కావాలి, పరికరానికీ రేడియోకూ మధ్య దూరమెంత, గోడలు ఎంత ఆపుతాయి అన్నవి ముందు చూస్తారు. తర్వాత సంభావ్యతలు. పరికరం ఆన్‌లో ఉన్న సమయానికే రేడియో కూడా ఆన్‌లో ఉండాలి, మోత సరిగ్గా ఆ స్టేషన్ ఫ్రీక్వెన్సీ మీదే పడాలి, యాంటెన్నా అటే తిరిగి ఉండాలి. ఇవన్నీ ఒకేసారి జరిగే అవకాశం తక్కువ. కాబట్టి పరిమితిని కొంత సడలిస్తారు. ఉదాహరణకు గ్రామీణ ప్రాంతంలో ఎఫ్ఎం స్టీరియోకు ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) సూచించిన కనీస సిగ్నల్ 54 డీబీ మైక్రోవోల్ట్ పర్ మీటర్. ఇళ్లలో వాడే పరికరాలకు పెట్టిన సిస్పర్ క్లాస్ బి పరిమితి 10 మీటర్ల దగ్గర 230 మెగాహెర్ట్జ్ దాకా 30, ఆపైన 37. అంటే సిగ్నల్ మోతకన్నా 24 డీబీ పైన ఉంటుంది. ఫ్యాక్టరీలకు వాడే క్లాస్ ఎ ఇంకో 10 డీబీ వదులు, ఎందుకంటే అక్కడ రేడియో వినేవాడు 30 మీటర్ల అవతల ఉంటాడని లెక్క.

ఆ పది మీటర్ల దగ్గరే నాకు మన ఊళ్లు గుర్తొస్తాయి. చుట్టూ ఖాళీ ఉన్న ఇంటికి 10 మీటర్లు సరైన ఊహే. మన పాత ఊళ్లలో రెండిళ్లకు ఒకే గోడ. ఈ ఇంట్లో టీవీ వెనక గోడకు అవతలే వాళ్ల రేడియో ఉంటుంది. 10 నుంచి 3 మీటర్లకు వస్తే క్షేత్రబలం సుమారు 10 డీబీ పెరుగుతుంది, 24 డీబీ తేడా కాస్తా 14 అవుతుంది. నా అభిప్రాయం స్పష్టంగా చెప్తాను: పరిమితిని అంచు మీద పాస్ అయ్యేట్టు తయారు చేసిన లైటు మన వీధులకు సరిపోదు. పరిమితి అంటే కనీస అర్హత మాత్రమే, మోత దానికి ఇంకా కింద ఉండేట్టు చూసుకోవాలి.

క్వాసీ పీక్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు, కాస్త ఆగి చెప్తాను. మోత ఎంత పెద్దదన్నది ఒక్కటే లెక్కయితే పీక్ కొలిస్తే చాలు. కానీ రేడియో వినేవాడికి ఒక్కోసారి టప్పుమంటే అంత బాధ లేదు, ఎడతెగకుండా కొట్టుకుంటుంటేనే విసుగు. అందుకని అప్పటి ఇంజనీర్లు చెవికి ఎంత బాధ కలుగుతుందో దాన్నే చూపించే మీటరు చేశారు. మోత రాగానే ముల్లు చకచకా ఎక్కుతుంది, 1 మిల్లీసెకను టైమ్ కాన్‌స్టాంట్‌తో. దిగడం మాత్రం నెమ్మదిగా, 160 మిల్లీసెకన్లతో. అదే ఎత్తు ఉన్న పల్సులు సెకనుకు వంద వచ్చినప్పుడు చూపించే అంకెకన్నా, పది వచ్చినప్పుడు 10 డీబీ తక్కువ చూపిస్తుంది. మీటరు ఒకేసారి చూసే వెడల్పు 9 కిలోహెర్ట్జ్. మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం కూడా అంతే. కొలత మొత్తం వినేవాడి చెవి చుట్టూ అల్లింది. ఫెయిల్ రిపోర్టు చేతికొచ్చి టెన్షన్‌లో ఉన్న తయారీదారుకు ఇదొక గ్రాఫు మాత్రమే. ఆ గ్రాఫులోని ప్రతి శిఖరమూ ఒకరి చెవిలో ఒక మోత అని చూడగలిగితే మీరు చేసే పని మారుతుంది.

1 గిగాహెర్ట్జ్ పైన ఈ పద్ధతి వాడరు. అక్కడున్నవి మొబైల్, వైఫై. మోత వస్తే గరగరమనవు, డేటా నెమ్మదిస్తుంది, లేదా తెగుతుంది. అందుకని పీక్, యావరేజ్ కొలుస్తారు. మీ లైటుకు ప్రస్తుతానికి ఆ బాధ లేదు.

మిగతా దేశాల సంగతి రెండు ముక్కల్లో. ఇళ్లలో కంప్యూటర్లు, వీడియో గేములు పెరిగినప్పుడు అమెరికా 1979లో తన రేడియో, టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ద్వారా సొంత నిబంధనలు పెట్టింది. సిస్పర్ కంప్యూటర్లకు తన ప్రమాణం, సిస్పర్ 22ను 1985లో తెచ్చింది. ఇప్పుడు దాని స్థానంలో సిస్పర్ 32 ఉంది. యూరప్ ఈఎంసీ నిబంధనలు 1996 జనవరి 1 నుంచి తప్పనిసరయ్యాయి. అప్పటి నుంచే ప్రపంచమంతా ఫ్యాక్టరీలకు ఈ అంకెలు తెలిశాయి. సిస్పర్‌కు సొంతంగా ఎవరినీ శిక్షించే అధికారం లేదు. దాని అంకె దేశం తన చట్టంలో రాసుకుంటేనో, కొనేవాడు ఆర్డరులో రాస్తేనో కట్టుబాటు అవుతుంది. మీ విషయంలో ఆర్డరులో ఉంది. మీ దగ్గరున్న బీఐఎస్ రిజిస్ట్రేషన్ షాక్, మంట లాంటి భద్రత విషయాలకు సంబంధించింది, దాన్ని చూపిస్తే ఇది తీరదు.

బోర్డు ఫొటో పెట్టి మంచి పని చేశారు. ఇన్‌పుట్ దగ్గర 'ఎల్ఎఫ్1' అని ప్రింట్ ఉన్న చోట కాయిల్ లేదు, రెండు తీగ ముక్కలు అడ్డంగా సోల్డర్ చేసి ఉన్నాయి. పక్కన 'సీఎక్స్1' రెండు రంధ్రాలూ ఖాళీ. ఐసీ కంపెనీ ఇచ్చిన డిజైన్‌లో ఫిల్టర్ ఉంది, బోర్డులో దానికి చోటూ ఉంది, పార్టులు మాత్రం ఎక్కలేదు. మార్కెట్లో ఇలాంటి బోర్డులు లెక్కలేనన్ని. పీసుకు కొన్ని రూపాయలు మిగులుతాయని తీసేస్తారు.

195 దగ్గర మోత ఎక్కువగా ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య తిరిగేది. ముందు సీఎక్స్1లో 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ (ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య పెట్టడానికే చేసిన సేఫ్టీ రకం) పెట్టండి. మామూలు కెపాసిటర్ అక్కడ వద్దు, పేలొచ్చు. పక్కనే డిశ్చార్జి రెసిస్టరు ఉండాలి, లేకపోతే ప్లగ్గు పీకినవాడికి పిన్నుల మీద షాక్ కొడుతుంది. తర్వాత ఎల్ఎఫ్1లో కామన్ మోడ్ చోక్ (రెండు తీగల మీదా ఒకే దిశలో పోయే మోతను ఆపే కాయిల్) పెట్టండి. 720 దగ్గరిది దానితో చాలావరకు దిగుతుంది. ఇంకా మిగిలితే కరెంటును కోసే స్విచ్, అంటే మాస్‌ఫెట్, డ్రెయిన్ కాలు దగ్గర రాగి పట్టీ వెడల్పు తగ్గించండి. ఇప్పుడు అది బొటనవేలంత ఉంది, కింద లోహపు బాడీతో కలిసి కెపాసిటర్‌లా పనిచేస్తోంది. తీగకూ ఎర్త్‌కూ మధ్య ఉండే వై కెపాసిటర్ పెంచి పాస్ చేయాలని మాత్రం చూడకండి. వీధి స్తంభాలకు ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, మే నెలలో ఎర్త్ పిట్ ఎండిపోయి ఉంటుంది. బాడీ ముట్టుకుంటే జివ్వుమంటుంది.

ఇంకో విషయం. మెయిన్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మంచిది వేయండి. అది ఎండితే లోపలి నిరోధం పెరుగుతుంది, దాంతో మోత కూడా పెరుగుతుంది. నల్లగొండ ఎండ మీకు నేను చెప్పాలా? 45 డిగ్రీలు కాసే మధ్యాహ్నం ఎండలో నిలబడి, రాత్రంతా వెలిగే లైటు అది. ల్యాబ్‌లో పాసైన పీసే రెండు ఎండాకాలాలు గడిచాక గీత దాటొచ్చు.

ల్యాబ్‌కు మళ్లీ వెళ్లేముందు యూనిట్‌లోనే చూసుకోవచ్చు. మీడియం వేవ్ ఉన్న జేబు రేడియో 738కి పెట్టి, లైటు తీగకు మూరెడు దూరంలో పట్టుకుని స్విచ్ వేసి తీయండి. మార్పు ముందు, మార్పు తర్వాత తేడా చెవికే తెలుస్తుంది. అంకె కావాలంటే లిస్న్, చిన్న స్పెక్ట్రమ్ ఎనలైజర్ కొనుక్కోవచ్చు. జాగ్రత్త, లిస్న్ లోపలి కెపాసిటర్ల వల్ల ఎర్త్‌లోకి గట్టిగా లీకేజీ పోతుంది, లీకేజీ వస్తే కరెంటు ఆపేసే బ్రేకరు, ఆర్‌సీసీబీ, పడిపోతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, లిస్న్ బాడీని ఎర్త్‌కు గట్టిగా బిగించాకే కరెంటు ఇవ్వండి.

డబ్బులిస్తే దొరికే రిపోర్టు వద్దు, తమ్ముడూ. నీతి కోసమే కాదు, లెక్క కోసం కూడా. వరుసగా తయారయ్యే సరుకుకు సిస్పర్‌లో 80/80 నియమం ఉంది. తయారైన పీసుల్లో కనీసం 80 శాతం పరిమితిలోపు ఉన్నాయని 80 శాతం నమ్మకంతో చెప్పగలగాలి. ఐదు పీసులు కొలిస్తే, వాటి సగటుకు ప్రామాణిక విచలనం 1.52 రెట్లు కలిపినా పరిమితి దాటకూడదు. పీసుకూ పీసుకూ తేడా ఎక్కువుంటే సగటు ఎంత బాగున్నా ఫెయిలే. అవతలి దేశంలో కంటెయినర్‌లోంచి ఏ ఐదు పీసులైనా తీసి కొలవొచ్చు. అందుకే పరిమితికి 6 డీబీ కింద ఉండేట్టు డిజైన్ చేయమని మా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ని.

"ఎక్కడో కూర్చున్నవాళ్లు" అన్నారు కదా, ఆ మాట దగ్గరికి వస్తాను. ఈ లెక్కలో వాడిన ఇళ్లు, దూరాలు, ఫిర్యాదులు ఎక్కువగా కొలిచి రాసి పంపిన దేశాలవి. సోలార్ ఇన్వర్టర్ల డీసీ వైపు కూడా మోత కొలవాలని సిస్పర్ 11లోకి 2015లో వచ్చింది. ఇళ్ల మీద ప్యానెళ్లు పెరిగాక ఎవరో కొలిచి, కాగితం మీద పెట్టబట్టే వచ్చింది. పాలమూరు బోర్ల దగ్గర సోలార్ పంపు కంట్రోలర్లున్నాయి, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో మోటారు వేగం మార్చే డ్రైవులు, బియ్యాన్ని రంగు చూసి ఏరే సార్టెక్స్ యంత్రాలున్నాయి, ఒకే గోడకు రెండిళ్లున్న మన వీధులున్నాయి. వాటి కొలతలు మనం పంపకపోతే ఇంకెవరు పంపుతారు?

బీఐఎస్‌లో విద్యుదయస్కాంత అనుకూలత మీద ఒక సెక్షనల్ కమిటీ ఉంది. ప్రమాణాల డ్రాఫ్టులు బీఐఎస్ వెబ్‌సైట్‌లో జనం వ్యాఖ్యల కోసం పెడతారు, ఎవరైనా రాయొచ్చు. "పరిమితి కష్టంగా ఉంది" అని రాస్తే పక్కన పెడతారు. ఏ క్లాజు, ఏం మార్చాలి, ఎందుకు, కొలత ఏది అని విడివిడిగా రాస్తే దానికి బరువుంటుంది. మీ బోర్డు సరిచేశాక ఒక పని చేయండి. మీ వీధిలో లైటు పెట్టి, పక్కింటి గోడ అవతల రేడియో దగ్గర మోత ఎంత ఉందో, లైటుకూ రేడియోకూ మధ్య దూరమెంతో రాసిపెట్టండి. ఫిల్టర్ ఉన్న పీసుతో, లేని పీసుతో రెండుసార్లు. ఆ కాగితం ఇక్కడ పెడితే కమిటీ ఫార్మాట్‌లోకి మార్చడానికి నేను కూర్చుంటాను.